థైరాయిడ్ మాత్ర వేళ ఎవరు చెప్పాలి?

సంపాదకులకు నమస్కారం.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో గర్భిణులకు ఉచితంగా ఇచ్చే ఐరన్, కాల్షియం మాత్రలకూ, థైరాయిడ్ లోపానికి వైద్యులు రాసే లెవోథైరాక్సిన్ మాత్రకూ మధ్య కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలన్న సంగతి మా ఇంటికి చేరలేదు. మాలాంటి ఇళ్లు ఇంకా ఎన్నో ఉంటాయని ఈ లేఖ రాస్తున్నాను.

మా తమ్ముడి భార్యకు పెళ్లికి ముందు నుంచే థైరాయిడ్ లోపం ఉంది. రోజుకు 50 మైక్రోగ్రాముల మాత్రతో టీఎస్‌హెచ్ (రక్తపరీక్షలో చూసే అంకె, థైరాయిడ్ హార్మోను చాలకపోతే ఇది పెరుగుతుంది) అదుపులో ఉండేది. గర్భం నిలిచాక వైద్యురాలు మోతాదును 75కు పెంచారు. కడుపుతో ఉన్నప్పుడు థైరాయిడ్ హార్మోను అవసరం పెరుగుతుంది కనుక అది మామూలే. అయితే ఐదో నెలలో టీఎస్‌హెచ్ 8 దాటింది. మోతాదు 100 చేశారు. నెల తర్వాతా పెద్దగా దిగలేదు. ‘మాత్ర రోజూ వేసుకుంటున్నావా?’ అని అడిగిన ప్రతిసారీ ఆ అమ్మాయి ‘ఒక్క రోజూ మానలేదు’ అని నిజమే చెప్పింది. ఎప్పుడు, దేనితో వేసుకుంటున్నావని మాత్రం ఎవరూ అడగలేదు.

ఆరో నెలలో నేను వాళ్లింటికి వెళ్లినప్పుడు పొద్దున్నే కాఫీ గ్లాసు పక్కన చిన్న స్టీలు గిన్నెలో రెండు మాత్రలు కనిపించాయి. ఒకటి థైరాయిడ్‌ది, రెండోది ఎర్రటి ఐరన్ మాత్ర. ‘ఐరన్, కాల్షియం కలపొద్దని ఏఎన్‌ఎం గారు చెప్పారు వదినా, అందుకే కాల్షియం మధ్యాహ్నానికీ రాత్రికీ పెట్టుకుని ఐరన్ దీనితోపాటు వేసేసుకుంటున్నాను’ అంది. విన్న జాగ్రత్తను ఆమె అక్షరాలా పాటించింది. వినని జాగ్రత్త దగ్గరే దెబ్బతింది.

కాల్షియంలాగే ఐరన్ కూడా కడుపులో థైరాక్సిన్‌తో కలిసిపోయి దాన్ని ఒంటికి పట్టనివ్వదు. కాఫీ కూడా ఆ మందు ఒంటపట్టడాన్ని తగ్గిస్తుంది. అందుకే ఈ మాత్రను పరగడుపున మంచినీళ్లతో వేసుకుని, అరగంట నుంచి గంట వరకు ఏమీ తీసుకోకుండా ఆగాలి. మరునాటి నుంచి ఆమె తెల్లవారుజామున లేవగానే థైరాయిడ్ మాత్ర, మధ్యాహ్న భోజనంతో కాల్షియం, సాయంత్రం ఐరన్, రాత్రి భోజనంతో మళ్లీ కాల్షియం వేసుకుంది. ఆరు వారాల తర్వాత అదే 100 మైక్రోగ్రాములతో టీఎస్‌హెచ్ 3 లోపుకు వచ్చింది. ఈ మందు ఒంట్లో సగానికి తగ్గడానికే వారం పడుతుంది కాబట్టి ఫలితం తేలడానికి అన్ని వారాలు ఆగక తప్పదు.

బిడ్డ క్షేమంగా పుట్టింది. అయినా నా బాధ తీరలేదు. గర్భస్థ శిశువు థైరాయిడ్ గ్రంథి తన అవసరాలకు సరిపడా పనిచేయడానికి దాదాపు సగం గర్భకాలం పడుతుంది. అంతవరకు మెదడు ఎదుగుదలకు తల్లి హార్మోనే ఆధారం. సరిగ్గా ఆ నెలల్లోనే మా మరదలు మింగిన మందులో చాలా భాగం వృథా అయింది. ‘కడుపుతో ఉన్నప్పుడు మందులెందుకు’ అని పెద్దవాళ్లు ఈ మాత్రను మాన్పించే ఇళ్లూ నాకు తెలుసు. అది ఇంకా ప్రమాదం.

వైద్య ఆరోగ్య శాఖకు నా విన్నపం ఒక్కటే. ఐరన్ మాత్రలు చేతికిచ్చే ముందు ‘థైరాయిడ్ మాత్ర వాడుతున్నావా అమ్మా?’ అని అడగమని ఏఎన్‌ఎంలకు, ఆశా కార్యకర్తలకు చెప్పాలి. గర్భిణులు ప్రతి పరీక్షకూ వెంట తీసుకెళ్లే మాతా శిశు సంరక్షణ కార్డులో మాత్రల వేళలు రాసుకోవడానికి ఒక గడి పెట్టి, అందులో మొదటి వరుసను ‘పరగడుపున, నీళ్లతో, విడిగా’ అని తెలుగులో అచ్చు వేయించాలి.

ఇట్లు,
ఒక పాఠకురాలు, తెనాలి