నీడ మాయమయ్యే రోజుకి నువ్వు రావాల్సిందే, మామా

రేయ్ మామా,

బాగున్నావా? మెసేజ్ పెడితే రెండు ముక్కల్లో జవాబిచ్చి తప్పించుకుంటున్నానని తిట్టావు కదా, అందుకే ఈ ఆదివారం తీరిగ్గా కూర్చున్నా. చెప్పాల్సింది చాలా ఉంది, అంతా బడి గురించే.

పోయినేడాది సైన్స్ ప్రదర్శన సంగతి నీకు పూర్తిగా చెప్పలేదు. మావాళ్లు సీసా కోసి చేసిన వానమాపకం పట్టుకుపోయారు. పక్క బల్ల మీద షాపులో కొన్న థర్మోకోల్ అగ్నిపర్వతం. దాని దగ్గర నిలబడ్డ పిల్లోడు బట్టీ పట్టిన నాలుగు ఇంగ్లీషు వాక్యాలు గడగడా అప్పజెప్పాడు, అది ఎందుకు పొంగుతుందిరా అని మెల్లగా అడిగితే పాపం బిక్కమొహం వేశాడు. ప్రైజ్ దానికే వచ్చింది. వాడిమీద నాకేం కోపం లేదు, కానీ మా నాలుగో తరగతి పాప తిరిగి ఊరొచ్చేదాకా ఆటోలో ఒక్క మాట మాట్లాడలేదురా, అది మాత్రం ఇప్పటికీ గుర్తొస్తుంది. ఆ రోజే గట్టిగా అనుకున్నా, కొన్న మోడల్ మా బడి గడప తొక్కకూడదు, పిల్లలు కళ్లతో చూసిందీ చేత్తో కొలిచిందే సైన్స్ అని.

ఈసారి రాయితో మొదలుపెట్టాం. ఎర్రగుంట్ల చుట్టుపక్కల నాపరాయి లేని ఇల్లుందా చెప్పు, నేల అదే, అరుగు అదే, వంటగట్టు అదే. ఆ బండ మీద నిమ్మకాయ కోయొద్దని మా అమ్మ అరిచేది, మచ్చ పడుతుందని. ఎందుకు పడుతుందో నేను డీఎడ్ చదివినా ఏనాడూ ఆలోచించలేదు. పిల్లల్ని వరండాలో కూర్చోబెట్టి, మేకుతో బండని గీకి కాస్త పొడి రాలనిచ్చి, దాని మీద నిమ్మరసం పిండాం. సన్న సన్న బుడగలు. మూడో తరగతి పాప ఒకతె బండకి చెవి ఆనించి, "సార్, లోపల చుయ్ అంటాంది" అంది. ఇంక చూడు, ముప్పై మందీ నేల మీద బోర్లా పడుకున్నారు! ఇటుక మీద పోశారు, రాలేదు. గ్రానైట్ ముక్క మీద పోశారు, రాలేదు. ఒకడు మధ్యాహ్న భోజనంలో తిన్న గుడ్డు పెంకు తెచ్చి పోశాడు, వచ్చేశాయి బుడగలు! రాయిలోనూ పెంకులోనూ ఉన్నది ఒకటే, కాల్షియం కార్బోనేట్, పులుపు తగిలితే కార్బన్ డయాక్సైడ్ బయటికొస్తుంది అని నేను చెప్పేలోపే వాడు, "అయితే కోడి రాయి తింటాదా సార్?" అన్నాడు. మంచి ప్రశ్న కదా మామా! కోళ్ల దాణాలో సున్నపురాయి పొడి కలుపుతారని చెబితే వాడి మొహం వెలిగిపోయింది.

ఇక్కడ్నించే పిల్లల్ని బెలుం గుహలకి తీసుకుపోవాలన్న ఆలోచన వచ్చింది. వాననీళ్లు గాలిలోదీ మట్టిలోదీ కార్బన్ డయాక్సైడ్ కలుపుకుని కాస్త పులుపెక్కి, ఇదే జాతి రాయిని లక్షల ఏళ్లు కరిగించుకుంటూ పోతే ఆ గుహలొచ్చాయి. 3,229 మీటర్ల పొడవు, అందులో ఒకటిన్నర కిలోమీటర్లు మనం తిరగొచ్చు. లోపల ఉక్క కాబట్టి డిసెంబరులో తీసుకుపోదామనుకుంటున్నా. నిమ్మకాయతో బుడగలు చూసిన పిల్లలు పైనుంచి లింగాల్లా రాళ్లు వేలాడే కోటిలింగాల దగ్గర నిలబడి పైకి చూస్తే ఎట్లుంటుందో ఊహించు.

వానమాపకం మళ్లీ పెట్టాం. మొదటిది అడుగు వంపుగా ఉన్న కూల్‌డ్రింక్ సీసా, లెక్క తప్పేది, పైగా మేక తన్నేసింది. ఇప్పుడు చదునైన అడుగున్న డబ్బా, చుట్టూ ఇటుకలు. రోజూ పొద్దున ఎనిమిదిన్నరకి ఇద్దరు పోయి స్కేలుతో చూసి గోడ మీద రాస్తారు. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరు నేల మీద లీటరు నీళ్లు, ఈ ఒక్క మాట వాళ్లకి బాగా పట్టింది. మొన్న రచ్చకట్ట దగ్గర ఒక పెద్దాయన "పదునైందా రా?" అని మనవణ్ణి అడిగితే, "పన్నెండు మిల్లీమీటర్లు తాతా" అన్నాడంట. ఆయన నవ్వి, చేతికర్రతో మట్టి గుచ్చి, తడి ఎంత లోతు దిగిందో వాడికి చూపించాడు. ఇప్పుడు గోడ మీది మా లెక్కల్లో పదును లోతుకి కూడా ఒక గడి ఉంది.

ఇక అసలు విషయం. మీటరు కట్టె నిలబెట్టి ప్రతి సోమవారం మధ్యాహ్నం పన్నెండు ఇరవైకి నీడ కొలుస్తున్నాం. ఇక్కడ సూర్యుడు రోజులో అన్నిటికంటే ఎత్తుకొచ్చేది పన్నెండుకి కాదు, ఆ టైముకి. జులై 6న నీడ 14 సెంటీమీటర్లు, 13న పన్నెండున్నర, 20న పదకొండు లోపు. ఇంకో విచిత్రం, నీడ దక్షిణానికి పడుతోంది, అంటే సూర్యుడు మనకి ఉత్తరాన ఉన్నాడు! ఇట్లా తగ్గుతూ తగ్గుతూ ఆగస్టు 13న సూర్యుడు సరిగ్గా నెత్తి మీదికొచ్చి కట్టె నీడ మొత్తం దాని పాదాల కిందికే పోతుంది. ఢిల్లీ పిల్లలకి ఈ రోజు ఎప్పటికీ రాదు, సూర్యుడు నెత్తి మీదికొచ్చేది కర్కాటక రేఖ దాకానే, వాళ్లు దానికి పైన ఉన్నారు కాబట్టి. మనకి ఏడాదికి రెండుసార్లు, మొదటిది ఏప్రిల్ చివర్లో, అప్పటికి బడికి సెలవులు. అందుకే ఆగస్టుది వదలకూడదు. మబ్బు పడుతుందేమోనని నాకు ఇప్పట్నించే టెన్షన్, కానీ మర్నాడు చూసినా తేడా అర సెంటీమీటరే.

తర్వాత అంతరిక్ష దినోత్సవం, 2023లో చంద్రయాన్-3 దిగిన ఆగస్టు 23. ఈసారి ఆదివారం పడింది కాబట్టి మేం శనివారమే చేస్తాం. చంద్రుడి మీద గుంటలెట్లా పడ్డాయో చూడ్డానికి బూడిద పరిచి, పైన ఇటుక పొడి చల్లి, ఎత్తు మార్చి మార్చి గోలీలు వేసి గుంటలు కొలుస్తారు. ఫిబ్రవరి 28 సైన్స్ దినానికి ఈ గోడ మీది లెక్కలూ ఈ రాళ్లూ ఇవే మా ప్రదర్శన. పోయినేడాది ఆటోలో మాట్లాడని ఆ పాపే ముందు నిలబడి చెబుతానంది.

13 గురువారం. లీవు పెట్టు. బుధవారం రాత్రి రైలెక్కితే పొద్దునకల్లా ఎర్రగుంట్లలో దిగుతావు, బండి తెస్తా. వచ్చేటప్పుడు భూతద్దాలు ఒక పది పట్టుకురా, మంచివి, డబ్బులు నేనిస్తా. బండకి చెవి ఆనించిన పాప ఆ బుడగలు దగ్గరగా చూడాలని రోజూ అడుగుతోంది.

నీ మామ