వార్షిక నివేదిక: కేసుల్లో చిక్కుకున్న మన పిల్లల కోసం

సభ్యులందరికీ నమస్కారం.

మోరీల పని, బతుకమ్మ ఖర్చుల లెక్కలు కోశాధికారి విడిగా చదువుతారు. ఈ నివేదిక ఒక్క పని గురించే: పోలీసు కేసుల్లో ఇరుక్కున్న మన బస్తీ పిల్లలకు ఈ ఏడాది ఎంతవరకు ఆసరా అయ్యాం అన్నది. పేర్లు రాయడం లేదు. ఎందుకో కింద చెప్తాను.

అన్నిటికన్నా ఎక్కువ తిప్పింది వయసు కాగితం. ఒక రాత్రి ఓ తల్లి సంఘం గది తలుపు కొట్టింది. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో కొడుకు ఆధార్ కార్డు. "అన్నా, మావోనికి ఇంకా పద్దెనిమిది నిండలే. ఇది సూపెడితే సాలదా?" చాలదు. పద్దెనిమిది నిండని పిల్లల కేసులకు వర్తించే 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 94వ సెక్షన్ ప్రకారం ముందు చూసేది బడి ఇచ్చిన పుట్టిన తేదీ పత్రం, లేదా పదో తరగతి సర్టిఫికెట్. అవి లేకుంటే కార్పొరేషన్ ఇచ్చే బర్త్ సర్టిఫికెట్. అదీ లేనప్పుడే ఎముకల పరీక్ష. పిల్లాడేమో ఏడో తరగతిలోనే బడి మానేశాడు. మూడు రోజులు తిరిగితే పాత అడ్మిషన్ రిజిస్టరు బీరువా అడుగున దొరికింది, అట్ట సగం చెదలు తినేసింది. పెద్దవాళ్లను పెట్టే చంచల్‌గూడ జైలుకూ, కేసుల్లో ఉన్న పిల్లల్ని ఉంచే సైదాబాద్ అబ్జర్వేషన్ హోంకూ మధ్య పెద్ద దూరమేం లేదు. పిల్లాడు ఏ గేటులోకి పోవాలో తేల్చింది ఆ రిజిస్టరులోని ఒక్క వరుస.

పిల్లల్ని లాకప్‌లో పెట్టకూడదు, 24 గంటల్లో పిల్లల కేసులు విచారించే జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుకు తేవాలి. ఇది తెలిసినవాళ్లు ఒకరు పక్కన ఉంటే తల్లిదండ్రులకు ధైర్యం. అందుకే రాత్రి స్టేషన్‌కు తోడు పోవడానికి వంతులు వేసుకున్నాం. వకీలు కోసం పుస్తెలు తాకట్టు పెట్టబోయిన ఒక ఇంటిని ఆపగలిగాం. పిల్లలకు న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగానే వకీలును ఇస్తుంది, 15100కు ఫోన్ చేస్తే చాలు.

వాయిదాలే కష్టం. విచారణ నాలుగు నెలల్లో, పొడిగిస్తే మరో రెండు నెలల్లో ముగియాలి. చిన్న నేరమైతే ఆ గడువు దాటితే కేసే ఆగిపోతుంది. కానీ ఇళ్లల్లో పనిచేసే తల్లికి ప్రతి వాయిదాకూ ఒక రోజు కూలి పోయినట్టే. మనం బస్సు ఖర్చులే ఇవ్వగలిగాం.

ఇక మన తప్పు. ఒక పిల్లాడి ఫొటో మన వాట్సాప్ గ్రూపులోనే తిరిగింది, పెట్టింది మన సభ్యుడే. అదే చట్టం 74వ సెక్షన్ కింద కేసులో ఉన్న పిల్లల్ని గుర్తుపట్టేలా ప్రచారం చేస్తే ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ఫొటో తీసేయించాం. పిల్లాడు మాత్రం నెల రోజులు గల్లీలోకి రాలేదు.

"బండ్లు ఎత్తుకపోయినోనికి మా చందా పైసలా?" అని గత సమావేశంలో ఒక పెద్దాయన అడిగారు. కోపం న్యాయమే, పోయింది ఆయన బండే. ఆ పిల్లాడే ఇప్పుడు ఓపెన్ స్కూల్‌లో పదో తరగతి రాస్తానంటున్నాడు, ఫీజు సంగతి ఈ సమావేశంలో తేల్చాలి.

వచ్చే మంగళవారం వాయిదా ఉంది. తోడు పోయేవాళ్లు ఇంకా కుదరలేదు. ఖాళీ ఉన్నవాళ్లు ఈ సాయంత్రం రిజిస్టరులో పేరు రాయండి. పొద్దున తొమ్మిదికి కమాన్ దగ్గర కలుద్దాం.

— కార్యదర్శి