ప్రమోషన్ ప్యాకేజీ ఎందుకు పెట్టడం లేదు, దాని బదులు ఏం చేస్తున్నాం

నమస్కారం.

చెన్నై సాలిగ్రామంలోని మా చిన్న స్టూడియోకి వచ్చి పాడుకునే, పాటలు కట్టుకునే మీ అందరికీ ఈ కబురు. ఈ మధ్య మాస్టర్ ఫైలు, అంటే విడుదలకి సిద్ధమైన పాట, తీసుకునేటప్పుడు చాలామంది ఒకే మాట అడుగుతున్నారు: "అన్నా, ప్రమోషన్ కూడా మీరే చూస్తారా? ప్యాకేజీ ఏమైనా ఉందా?" లేదు. పెట్టే ఉద్దేశమూ లేదు. వచ్చే నెల నుంచి దాని బదులు వేరే పని ఒకటి మొదలుపెడుతున్నాం. దాంతోపాటు రేటు కూడా కొంచెం పెరుగుతోంది. ఏదీ దాచకుండా చెబుతాను.

ముందు ప్యాకేజీ సంగతి. ఇంత డబ్బుకి ఇన్ని వేల స్ట్రీములు (యాప్‌లో పాట ఎన్నిసార్లు ప్లే అయిందన్న లెక్క), ఇన్ని లక్షల వ్యూలు అంటూ మాకూ మెసేజ్‌లు వస్తూనే ఉంటాయి. ఆర్టిస్టుల్ని పంపిస్తే కమిషన్ ఇస్తామంటారు. ఆ డబ్బు నాకొద్దు. ఎందుకొద్దో ఈ మధ్య తిరుపతి కుర్రాడొకడు తన ఫోన్ తెచ్చి చూపించినప్పుడు మరీ గట్టిగా అనిపించింది. పాట ఎవరు, ఎక్కడ వింటున్నారో ఆర్టిస్టుకి చూపించే స్పాటిఫై ఫర్ ఆర్టిస్ట్స్ యాప్‌లో అతని గ్రాఫ్ నేలబారుగా వెళ్తూ వెళ్తూ ఒక్కరోజులో నిట్టనిలువుగా లేచింది. కిందికి జరిపి ఊళ్ల జాబితా చూశాం. తిరుపతి లేదు, హైదరాబాద్ లేదు, చెన్నై లేదు. పైనున్న ఊళ్లన్నీ తెలుగు మాటే వినపడని దేశాలవి. వేలమంది విన్నట్టు చూపిస్తున్న పాటని సేవ్ చేసుకున్నవాళ్లు పదిమంది కూడా లేరు. కొన్నాళ్లకి డిస్ట్రిబ్యూటర్ (మన పాటని యాప్‌లలోకి ఎక్కించే కంపెనీ) నుంచి మెయిల్: కృత్రిమ స్ట్రీములు కనిపించాయి, పాట తీసేస్తున్నాం అని. జీతంలో మిగుల్చుకుని చేయించుకున్న పాట అది. అతను అలా కూర్చుండిపోయాడు. నాకు చాలా బాధేసింది, కోపమూ వచ్చింది, అతని మీద కాదు.

దొంగ స్ట్రీములు మరీ ఎక్కువగా బయటపడితే స్పాటిఫై 2024 నుంచి పాటకింత అని డిస్ట్రిబ్యూటర్ దగ్గర డబ్బు వసూలు చేస్తోంది. అందుకే డిస్ట్రిబ్యూటర్లు అనుమానం వస్తే చాలు పాట తీసేస్తున్నారు. యూట్యూబ్‌లోనూ కొన్న వ్యూలతో ఒరిగేదేమీ లేదు. యాడ్స్ డబ్బు రావాలంటే వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లు, వాళ్లతోపాటు 12 నెలల్లో 4,000 గంటల వాచ్ టైమ్ కావాలి, లేదంటే 90 రోజుల్లో షార్ట్స్‌కి కోటి వ్యూలు. అవీ నిజమైనవే లెక్కలోకి వస్తాయి. అన్నిటికంటే పెద్ద నష్టం ఇంకొకటి. మీ పాట ఎవరికి నచ్చుతుందో ఆ యాప్‌లు విన్నవాళ్లని చూసే నేర్చుకుంటాయి. మొదట విన్నవి బాట్లయితే, అంటే మనుషుల్లా నటించే ప్రోగ్రాములైతే, మీ పాట నిజంగా వినాల్సిన గుంటూరు మనిషి దగ్గరికి అది ఎప్పటికీ చేరదు.

సినిమా పాటకి సినిమానే పబ్లిసిటీ. హీరో ఉంటాడు, ట్రైలర్ ఉంటుంది, ఆడియో కంపెనీ ఉంటుంది. మీ పాటకి అవేమీ లేవు, మీరొక్కరే. కాబట్టి మీ పని పాట విడుదలయ్యాక మొదలవ్వకూడదు, రికార్డింగ్ రోజే మొదలవ్వాలి. మేం చేయబోయేది అక్కడే.

ఇకపై ప్రతి సెషన్లో ఒక ఫోన్ నిలువుగా స్టాండుకి పెట్టి తీస్తాం. దీనికి ఎక్‌స్ట్రా డబ్బు లేదు. నెల్లూరు నుంచి పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో వచ్చే అమ్మాయి పాటకి ఇలాగే తీశాం. టేక్ నడిచేటప్పుడు ఏసీ చప్పుడు మైకులో పడుతుందని ఆపేస్తాం కదా, మే నెల చెన్నై ఉక్కలో ఆమె చున్నీతో మొహం తుడుచుకుంటూ పల్లవి ఎత్తుకుంది. పైస్థాయి పట్టు దొరకగానే కళ్లు మూసుకునే నవ్వింది, పాట మాత్రం ఆగలేదు. ఆ ఇరవై సెకన్లే ఆమె రీల్‌గా పెట్టింది. డబ్బు పోసి చేయించుకున్న లిరికల్ వీడియో కింద కంటే దాని కింద "పూర్తి పాట ఎక్కడుంది?" అని అడిగినవాళ్లే ఎక్కువ. పాట పుడుతున్న క్షణం చూస్తే మనిషికి దాని మీద ఆపేక్ష కలుగుతుంది. ఇది నేను గట్టిగా నమ్ముతాను.

మాస్టర్‌తోపాటు పల్లవి ఉన్న చిన్న కట్‌లు, పాడిన గొంతు లేని ట్రాక్ కూడా ఇస్తాం. ఆ ట్రాక్ ఉంటే అపార్ట్‌మెంట్ ఫంక్షన్లోనైనా, కాలేజీ స్టేజీ మీదైనా ఆర్కెస్ట్రా లేకుండా పాడొచ్చు.

తర్వాత కాగితాలు. ఇది విసుగు పని, అయినా వదలను. ఎవరు రాశారు, ఎవరు బాణీ కట్టారు, ఎవరు పాడారు, వయొలిన్, తబలా ఎవరు, ఎవరికెంత వాటా, ఎవరికి ఒకేసారి పేమెంట్ అనేది ఒక పేజీలో రాసి, స్టూడియో దాటకముందే అందరి సంతకాలూ తీసుకుంటాం. పాట ఆడాకే గొడవలొస్తాయి, అప్పుడు స్నేహితులు కూడా మాట్లాడుకోరు. సాహిత్యం రాసినవాళ్లు, స్వరపరిచినవాళ్లు ఐపీఆర్ఎస్‌లో (రాయల్టీ వసూలు చేసి పంచే కాపీరైట్ సొసైటీ) సభ్యులుగా చేరండి. 2012 కాపీరైట్ సవరణ ప్రకారం వాళ్ల రాయల్టీ వాటాని చట్టపరమైన వారసులకో, కాపీరైట్ సొసైటీకో తప్ప ఇంకెవరికీ రాసివ్వడం చెల్లదు. ఎవరైనా "మొత్తం మాకే" అని అగ్రిమెంట్ ముందు పెడితే ఈ మాట గుర్తుంచుకోండి. ఐఎస్ఆర్‌సీ నంబరు కూడా రాసి పెట్టుకోండి. ప్రతి రికార్డింగుకీ ఉండే, అక్షరాలూ అంకెలూ కలిపి 12 ఉండే కోడ్ అది. రేపు డిస్ట్రిబ్యూటర్‌ని మార్చినా అదే నంబరుతో ఎక్కిస్తేనే పాత లెక్కలు పాటతోపాటు వస్తాయి.

పేరు గురించి ఒక్క మాట. ఒకే పేరున్న ఆర్టిస్టులు చాలామంది ఉంటారు, మీ పాట ఇంకొకరి పేజీలో పడే ప్రమాదం ఉంది. అప్‌లోడ్ చేసేటప్పుడు మీ ప్రొఫైల్ లింకే ఇవ్వండి. ఇంగ్లిష్ అక్షరాల్లో మీ పేరు స్పెల్లింగ్ అన్నిచోట్లా ఒకటే ఉంచండి.

ఇక తొందర సంగతి. మాస్టర్ చేతికొచ్చిన రాత్రే ఎక్కించి, తెల్లారేసరికి లింకు అందరికీ పంపాలన్న ఆత్రం నాకు తెలుసు. దయచేసి నాలుగు వారాలు ఆగండి. స్పాటిఫైలో ప్లేలిస్టులు తయారుచేసే ఎడిటర్లకి పాటని పరిచయం చేసే ఫారం విడుదలకాని పాటకే పనిచేస్తుంది. దానికి రూపాయి ఖర్చు లేదు. ఎడిటర్లు తీసుకున్నా తీసుకోకపోయినా, కనీసం ఏడు రోజుల ముందు నింపితే మీ ఫాలోవర్లకి కొత్త పాటలు చూపించే రిలీజ్ రాడార్ ప్లేలిస్టులోకి మీ పాట వెళ్తుంది. అందులో 500 అక్షరాలు రాసే చోటుంటుంది. "మనసుకి హత్తుకునే మెలొడీ" అంటే చదివేవాళ్లకి ఏం తెలుస్తుంది? "నెల్లూరు వరినాట్ల పాటల నడకలో కట్టిన తెలుగు పాట, లైవ్ నాదస్వరం, డోలు, చెన్నైలో రికార్డింగ్" అంటే బొమ్మ కనబడుతుంది. ఆ నాలుగు వాక్యాలు రాసేటప్పుడు మీతో కూర్చుంటాం.

ఇంకో విషయం నా మనసులో చాలాకాలంగా ఉంది. టిక్‌టాక్ మీద అభిమానుల్ని కూడగట్టుకున్నవాళ్లు 2020 జూన్‌లో ఒక్కరాత్రిలో అందరినీ పోగొట్టుకున్నారు. 2024లో ఎయిర్‌టెల్ వాళ్ల పాటల యాప్ వింక్ మూతపడింది. యాప్‌లు మనవి కావు. మీ పాట ఇష్టపడ్డవాళ్ల ఫోన్ నంబర్లే మీవి. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మందిని పెట్టుకోవచ్చు, అయితే మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే మెసేజ్ వెళ్తుంది. కాబట్టి ఉగాది కార్యక్రమంలో పాడి దిగినప్పుడు, "బాగా పాడావమ్మా" అన్న పెద్దావిడ దగ్గర ఆగండి, ఆమె ఫోన్లో మీ నంబరు మీరే సేవ్ చేసి ఇవ్వండి. చెన్నైలో తెలుగు ఇళ్లకి, తెలుగు సంఘాలకి కొదవలేదు. యాభైమంది కూర్చుని వినే హాలు మీకు పదివేల వ్యూలకంటే ఎక్కువ.

డబ్బు గురించి ఆశ పెట్టను. స్పాటిఫైలో ఒక పాట 12 నెలల్లో వెయ్యి స్ట్రీములు దాటితేనే దాని మీద రికార్డింగ్ రాయల్టీ లెక్క మొదలవుతుంది. దాటాక వచ్చేదీ స్ట్రీముకి పైసల్లోనే. మొదటి పాటతో స్టూడియో ఖర్చు వెనక్కి రావడం కష్టం. ఇంటి అద్దె, ఈఎంఐ డబ్బుతో పాట చేయించుకోవద్దని అడిగినవాళ్లందరికీ చెబుతున్నాను. అలాంటివాళ్లకి వాద్యాలు తగ్గించి, గిటారు, గొంతుతో చేసే దారి చూపిస్తాం.

రేట్లు: గంటకి 800 ఉన్నది 900 అవుతుంది. కాగితాలు, కట్‌లు, ఫారం అన్నీ కలిపి రిలీజ్ తయారీకి పాటకి 3,500. అది వద్దనుకుంటే తీసుకోనక్కర్లేదు, రికార్డింగ్ మాత్రమే చేయించుకోవచ్చు. పెరిగిన వంద ఫైళ్లూ కాగితాలూ చూసుకోవడానికి పెట్టుకున్న అమ్మాయి జీతానికి. ఈ నెలాఖరులోపు అడ్వాన్స్ ఇచ్చినవాళ్లకి పాత రేటే. ఇదివరకు మా దగ్గర చేయించుకున్న పాటలకి కాగితాలు లేనివాళ్లు, సంతకం పెట్టాల్సినవాళ్లని వెంటబెట్టుకుని ఏ ఆదివారం సాయంత్రమైనా రండి. దానికి డబ్బు తీసుకోం. వచ్చే ముందు ఒక్క ఫోన్ చేయండి, లోపల టేక్ నడుస్తుంటే తలుపు తీయలేం.