బాలిడెస్మండ్ పోల్కా దొరికింది: పేరుపేరునా కృతజ్ఞతలు

నెల కిందట మీ అందరికీ నలభై సెకన్ల రికార్డింగు ఒకటి పంపి, ఇదేం ట్యూనో చెప్పమని అడిగాను. ఐర్లండ్‌లోని కార్క్‌లో ఒక పబ్బులో ఫోన్‌తో పట్టుకున్నది. గ్లాసుల చప్పుడు, మాటలు, వాటి వెనకాల ఎక్కడో ఒక ఫిడిలు, ఒక బటన్ అకార్డియన్. అది మీరెవరైనా ఓపికగా వింటారనే నేను అనుకోలేదు. విన్నారు, మళ్ళీ మళ్ళీ విన్నారు. ఇప్పుడా పోల్కా, అంటే ఆ నాట్యపు ట్యూను, మొదటి స్వరం నుంచి చివరిదాకా నా చేతిలో ఉంది.

వాయించిన పెద్దాయన ఆరోజు "బాలిడెస్మండ్" అని ఒక్క మాట చెప్పి తర్వాతి ట్యూన్‌లోకి వెళ్ళిపోయారు. ఆ పేరుతో వెతికితే ఒకటి కాదు, వేర్వేరు పోల్కాలు వచ్చిపడ్డాయి. బాలిడెస్మండ్ అంటే కార్క్, కెర్రీ కౌంటీల సరిహద్దున స్లీవ్ లూక్రా అనే ప్రాంతంలోని ఊరు. ఆ ఊరికే ఒకప్పుడు కింగ్‌విలియమ్స్‌టౌన్ అని పేరుండేది. ఆ వైపు ట్యూన్లకు ఊరి పేరో, నేర్పినవారి పేరో అంటుకుంటుంది. ఇంకో ఇంట్లో అదే ట్యూను ఇంకో పేరుతో బతుకుతుంది.

"పేరు వదిలేయ్ అక్కా, స్వరాలు పట్టుకో" అని డబ్లిన్ నుంచి నువ్వు రాసిన మాటే నన్ను గట్టెక్కించింది, తమ్ముడూ. బ్రెండాన్ బ్రెహ్నాక్ అనే పరిశోధకుడు వేలకొద్దీ ఐరిష్ నాట్యగతుల్ని పేరునుబట్టి కాక, స్వరాలను అంకెలుగా మార్చి కార్డుల మీద వరస పెట్టుకున్నాడని నీవల్లే తెలిసింది. ఒక సెలవురోజు నాకోసం మెర్రియన్ స్క్వేర్‌లోని ఐరిష్ ట్రెడిషనల్ మ్యూజిక్ ఆర్కైవ్‌కు వెళ్ళి కూర్చున్నావు. అక్కడ నీకు దారి చూపినవాళ్ళకు కూడా నా నమస్కారాలు చెప్పు.

హైదరాబాదు నుంచి స్వరం రాసి పంపిన నా చిన్ననాటి వయొలిన్ క్లాసు స్నేహితురాలికి ఏమని చెప్పను! ఆ రొదలోంచి ఆధార షడ్జం పట్టేసింది. మంద్ర పంచమం నుంచి షడ్జానికి లేచి, రి గ మ మీదుగా పంచమం దాకా మెట్లు ఎక్కి, మూడో బార్‌లో (మన ఆవర్తం లాంటిది) ఒక్కసారిగా మంద్ర నిషాదానికి దిగిపోతుంది. ఇక్కడి వాద్యకారులు డోరియన్ అనే స్వరవరస మన ఖరహరప్రియ స్వరాలే. గమకం లేదు, ఆలాపన లేదు, రెండు దెబ్బల నడక, ఎనిమిదేసి బార్ల రెండు భాగాలు, అంతే. అయినా ఆ స్వరాలు కాగితం మీద చూడగానే పరాయి ట్యూను అనిపించలేదు.

కెర్రీలో కాజిల్ ఐలండ్ అనే ఊరి దగ్గరి పెద్దావిడకు ఈ ఉత్తరం తెలుగులో చేరదు. విడిగా ఇంగ్లీషులో రాశాను, ఇక్కడ కూడా చెప్పకుండా ఉండలేను. రికార్డింగు విని ఆమే ఫోన్ చేశారు. అవతల ఫోన్ బల్లమీద పెట్టి, నెమ్మదిగా మూడుసార్లు వాయించారు. తర్వాత పోస్టులో ఒక కాగితం వచ్చింది. పాడ్రిగ్ ఓకీఫ్ పద్ధతిలో రాసింది. ఆయన 1887లో పుట్టి 1963లో పోయిన ఫిడిలు గురువు. 1920లో బడి పంతులు ఉద్యోగం పోయాక ఇళ్ళకు నడిచి వెళ్ళి పాఠాలు చెప్పినవాడు. స్టాఫ్‌లో, అంటే స్వరాలు రాసే అయిదు గీతల మధ్య, నాలుగు ఖాళీలూ ఫిడిలు నాలుగు తీగలు, అందులో అంకెలు వేళ్ళు. సున్నా అంటే వేలు ఆనించని తీగ. నా పోల్కా D తీగ మీద 1తో మొదలై, A తీగ మీద 0, 0, 1, 2, 3 అని నడిచి, E తీగ 0 దగ్గర ఆగింది. ఇంగ్లీషు నొటేషన్ సరిగా రాని నేను పది నిమిషాల్లో వాయించగలిగాను. కాగితం అంచున విల్లు ఎక్కడ తిప్పాలో పెన్సిలు గీతలు కూడా పెట్టారు. అచ్చయిన నొటేషన్లలో నాకు దొరకనిది అదే. పోల్కాకు ఊపు ఆ విల్లులోంచే వస్తుంది.

ఆ ఊపు చెవికెక్కాలంటే ఓకీఫ్‌నూ, ఆయన శిష్యులైన డెనిస్ మర్ఫీ, జూలియా క్లిఫర్డ్ అన్నాచెల్లెళ్ళనూ వినమన్నారు ఆవిడ. జానపద సంగీతం సేకరించిన షేమస్ ఎనిస్ 1952లో బీబీసీ కోసం రికార్డు చేసిన ఆ ముగ్గురి వాద్యం "కెర్రీ ఫిడిల్స్" అనే ఆల్బమ్‌గా 1977లో వచ్చింది. రెండు వారాలుగా బస్సులో అదే వింటున్నాను. ఇద్దరు కలిసి వాయిస్తుంటే ఒకరి విల్లు ఇంకొకరి ఊపిరిలా ఉంటుంది.

అకార్డియన్ వరసకూ ఫిడిలు వరసకూ రెండో భాగంలో తేడా ఎక్కడుందో గుర్తులు పెట్టి పంపిన లిమరిక్ అన్నయ్యగారికీ, రొద తగ్గించి రికార్డింగు శుభ్రం చేసిచ్చిన ఆయన అబ్బాయికీ కృతజ్ఞతలు.

బుధవారం రాత్రి అదే పబ్బుకు వెళ్ళి, పెద్దాయన పక్కన కూర్చుని వాయించాను. రెండోసారి తిరిగేసరికి ఆయన అందుకున్నారు. ఆ రికార్డింగు ఈ ఉత్తరంతో పంపుతున్నాను. మొదటి ప్రతి నిన్ననే కాజిల్ ఐలండ్‌కు వెళ్ళింది.