ఆదివారం నాగ్‌పూర్ రైల్ మ్యూజియం, అందరు చదవుర్రి

అన్నలు, అక్కలు, వచ్చే ఆదివారం మోతీబాగ్ న్యారోగేజ్ మ్యూజియం పక్కా. పొద్దుగాల బల్లార్షాల బండి ఎక్కుదాం, వరోరాల ఉన్నోళ్లు అక్కడ్నే ఎక్కుర్రి, రాత్రికి వాపస్.

ఇది పిల్లలకు తప్పకుండా చూపియ్యాలె. మన ఊరి మీదికెల్లి పోయే బ్రాడ్‌గేజ్ పట్టాల నడుమ జాగ 5 అడుగుల 6 అంగుళాలు, మ్యూజియంల ఉన్న న్యారోగేజ్ చిన్న బండ్లకు రెండున్నర అడుగులే, సాత్పుడా గుట్టలల్ల మలుపులు తిరగాలె, ఖర్సు తక్కువ కావాలె అని అట్ల వేసిన్రు. నాగ్‌పూర్-ఛింద్వాడా చిన్న లైను వందేండ్లకు పైన నడిచి 2015ల బంద్ అయింది, ఇప్పుడు అక్కడ పెద్ద పట్టాలు పడ్డయ్. అసొంటి బండ్లు రిపేర్ చేసిన వర్క్‌షాప్ మోతీబాగ్లనే ఉండె, మ్యూజియం 2002ల పెట్టిన్రు.

ఇంకోటి, ఇంట్ల రైల్వేల రిటైరైన బాపులు, కాకలు ఉంటే మెల్లగనైనా సరే తోల్కరండి. బొగ్గు మండి, నీళ్లు ఆవిరై, ఆ జోరుకు పిస్టన్ ఎట్ల కదిలి చక్రం తిప్పుతదో ఇంజన్ ముంగట నిలబడి వాళ్లు చెప్తే పిల్లలకు ఎన్నడు మర్వరాదు, బోర్డు మీద చదివితే అంత రాదు.

తిండి డబ్బాలు ఎవలియి వాళ్లే తెచ్చుకోర్రి, నీళ్లు ఎక్కువ పెట్టుకోర్రి. వచ్చేటోళ్లు గురువారం లోపల పేర్లు గిక్కడనే రాయుర్రి.