క్రెడిట్ కార్డు మోసాలపై సంఘం చేసిన పని: 2024–25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. పార్కు, మంచినీటి లైను, సీసీ కెమెరాల పనులు, జమాఖర్చులు సర్వసభ్య సమావేశంలో విడిగా చదువుతాం. ఈ భాగం క్రెడిట్ కార్డు మోసాల గురించే. ఆదివారం అవగాహన సమావేశాల్లో సభ్యులు ఎక్కువగా అడిగింది దీన్నే.

‘‘ఓటీపీ ఎవరికీ చెప్పలేదు, మరి డబ్బెలా పోయింది?’’ అన్నది మొదటి ప్రశ్న. మన దేశంలో ఆన్‌లైన్‌లో కొంటే సాధారణంగా ఓటీపీ అడుగుతుంది. విదేశీ వెబ్‌సైట్లు చాలావరకు అడగవు. కార్డు నంబరు, గడువు తేదీ, సీవీవీ (కార్డు మీద ఉండే మూడంకెల రహస్య సంఖ్య) ఉంటే వాటికి చాలు. ఆ మూడూ కార్డు మీదే అచ్చయి ఉంటాయి. పెట్రోలు బంకులోనో, హోటల్లోనో కార్డు చేతికిచ్చి మనం కూర్చుంటే, రెండు వైపులా ఫొటో తీయడానికి పది సెకన్లు పట్టదు. కాబట్టి స్వైపింగ్ మిషనే మన టేబుల్ దగ్గరికి రావాలి. సీవీవీ గుర్తుపెట్టుకుని ఆ మూడంకెల మీద చిన్న స్టిక్కరు అంటించండి.

అన్నిటికన్నా ఎక్కువ సమయం కార్డు స్విచ్‌ల మీదే పెట్టాం. ఎందుకంటే దొంగ చేతికి నంబరు చిక్కాక కూడా పనిచేసే ముఖ్యమైన రక్షణ ఇది. రిజర్వ్ బ్యాంక్ ఆదేశాలతో 2020 అక్టోబరు 1 నుంచి ఆన్‌లైన్, అంతర్జాతీయ, ట్యాప్ (కార్డును మిషన్‌కు తాకించి చెల్లించే) లావాదేవీలను మనమే ఆన్, ఆఫ్ చేసుకునే వీలుంది. బ్యాంకు యాప్‌లో ‘మేనేజ్ కార్డ్’ వంటి పేరుతో ఉంటుంది. అంతర్జాతీయ స్విచ్ ఆఫ్‌లో ఉంచండి. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లేవాళ్లు ప్రయాణానికి ముందు ఆన్ చేసుకుని, తిరిగొచ్చి శంషాబాద్‌లో దిగగానే ఆఫ్ చేయండి. ఆన్‌లైన్ లిమిట్‌ను నెలవారీ అవసరానికి సరిపడా తగ్గించి, పెద్ద వస్తువు కొనే రోజు మాత్రం పెంచుకోవచ్చు. ట్యాప్ చేస్తే రూ.5,000 వరకు పిన్ అడగదు. కార్డు పోయినప్పుడు మొదటి దెబ్బ అక్కడే తగులుతుంది. ఇంట్లోవాళ్లకిచ్చిన యాడ్-ఆన్ కార్డుల సెట్టింగులు కూడా తెరిచి చూడండి. చాలామంది మరిచిపోతున్నది వీటినే.

వాట్సాప్‌లో ట్రాఫిక్ చలాన్ పేరుతో వచ్చే ఫైళ్ల గురించి లిఫ్టుల దగ్గర నోటీసు పెట్టాం. ఫైలు పేరు చివర ‘ఏపీకే’ అని ఉంటే అది చలాన్ కాదు, యాప్. ఇన్‌స్టాల్ కాగానే ఎస్ఎంఎస్‌లు చదివే అనుమతి అడుగుతుంది. ‘అలో’ నొక్కితే మీకొచ్చే ఓటీపీ అవతలివాడికీ కనిపిస్తుంది. చలాన్ ఉందో లేదో పోలీసు శాఖ ఈ-చలాన్ వెబ్‌సైట్‌లో బండి నంబరు కొట్టి చూసుకోవాలి. పొరపాటున ఇన్‌స్టాల్ చేస్తే వెంటనే ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పండి. ఫోన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేసేస్తే ఆధారాలన్నీ పోతాయి.

డబ్బు పోయాక చేసే పనుల్లో వరుస తప్పితేనే ఎక్కువ నష్టం. ముందు బ్యాంకుకు ఫోన్ చేసి కార్డు బ్లాక్ చేయించి, ఫిర్యాదు నంబరు రాసుకోవాలి. ఆ వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. తర్వాత సైబర్ క్రైమ్ జాతీయ పోర్టల్‌లో వివరాలు నింపాలి. బ్యాంకు నంబరును గూగుల్‌లో వెతకవద్దు, అక్కడ నకిలీ కస్టమర్ కేర్ నంబర్లు కాచుకుని ఉంటాయి. కార్డు వెనక ఉన్న నంబరును ఇవాళే ఫోన్‌లో సేవ్ చేసుకోండి. కార్డు పోతే ఆ నంబరూ దానితోనే పోతుంది. రేపు బ్రాంచికి వెళ్లి మాట్లాడదాంలే అనుకుంటే ఆ రాత్రికే సొమ్ము గిఫ్ట్ వోచర్లుగా, వాలెట్ నిల్వగా మారిపోతుంది.

ఈ తొందరకు ఇంకో కారణం ఉంది. రిజర్వ్ బ్యాంక్ 2017 జూలై 6న ఇచ్చిన ఆదేశాల ప్రకారం, తప్పు మనదీ బ్యాంకుదీ కానప్పుడు, లావాదేవీ గురించి బ్యాంకు మెసేజ్ వచ్చాక మూడు పని దినాల్లోపు బ్యాంకుకు తెలియజేస్తే మన మీద పైసా భారం పడదు. మెసేజ్ వచ్చిన రోజు లెక్కలోకి రాదు. నాలుగు నుంచి ఏడు పని దినాల్లో అయితే, రూ.5 లక్షల వరకు లిమిట్ ఉన్న కార్డుకు గరిష్ఠంగా రూ.10,000, అంతకు మించిన లిమిట్‌కు రూ.25,000 మనం భరించాలి. ఏడు దాటితే బ్యాంకు పాలసీ ఎలా ఉంటే అలా. ఫిర్యాదు అందిన పది పని దినాల్లో బ్యాంకు ఆ మొత్తాన్ని తాత్కాలికంగా జమ చేయాలి, 90 రోజుల్లో తేల్చాలి.

ఓటీపీ తామే చెప్పేసినవాళ్లు సిగ్గుపడి ఫిర్యాదు చేయడం మానేస్తున్నారు. దయచేసి అలా చేయకండి. అప్పటిదాకా పోయినది మనమే భరించాల్సి వచ్చినా, బ్యాంకుకు తెలియజేసిన క్షణం తర్వాత పోయే ప్రతి రూపాయీ బ్యాంకు భరించాల్సిందే. బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు సరిగా లేకపోయినా రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు (బ్యాంకులపై ఫిర్యాదులు విచారించే అధికారికి) ఫీజు లేకుండా రాసుకోవచ్చు. ఆ దరఖాస్తు నింపడంలో సంఘం కార్యాలయంలో సాయం చేస్తాం.

వచ్చే ఏడాది మన పాన్ మీద ఇంకెవరైనా కార్డు తీసుకున్నారేమో చూసుకునే పని మొదలుపెడుతున్నాం. మన అప్పులు, కార్డుల వివరాలు నమోదు చేసే సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ సంస్థల్లో ఒక్కొక్కటీ ఏడాదికో పూర్తి నివేదిక ఉచితంగా ఇవ్వాలి. మూడు నెలలకొకటి చొప్పున తీసుకుంటే ఏడాదంతా నిఘా ఉంటుంది. సమావేశానికి పాన్ కార్డు, బ్యాంకులో నమోదైన ఫోన్ తెచ్చుకోండి. నివేదికలో ముందుగా ‘ఎంక్వైరీలు’ అన్న పట్టిక చూడాలి, మీరు దరఖాస్తు చేయని బ్యాంకు పేరు మొదట కనిపించేది అందులోనే.