కర్పూరం వాసన పసిగట్టిన పెద్దాయనకు

చెన్నై మైలాపూర్ ఉత్తర మాడ వీధిలో, కొలువు బొమ్మల వరుసల మధ్య, నా సంచిలోని పాత బొమ్మను చూసి ఆగారే, మీకే ఈ ఉత్తరం. ఆ కంగారులో మీ పేరైనా అడగలేదు.

అది మా అమ్మమ్మ బొమ్మ. బుగ్గ పగిలింది, కాళ్లు పసుపెక్కాయి, ఒళ్లంతా జిగురు. అంతకుముందు ఒక దుకాణంలో రంగు వేయించి అమ్మేయమన్నారు. మీరు మాత్రం దాని భుజాన్ని వేలితో రుద్ది వాసన చూశారు. "కర్పూరం వాసనమ్మా, సెల్యులాయిడ్ ఇది, కర్పూరం కలిపి చేసే పాతకాలపు ప్లాస్టిక్" అన్నారు. వీపు మీది అక్షరాలు నాచేతే చదివించారు: మేడ్ ఇన్ ఆక్యుపైడ్ జపాన్. అంటే రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జపాన్ పరాయి సేనల ఆక్రమణలో ఉన్న రోజుల్లో, 1952 లోపు వచ్చిందన్నమాట. అమ్మమ్మ చిన్నతనం లెక్క సరిగ్గా కుదిరింది.

ధర గురించీ దాచలేదు మీరు. పగిలి, జిగురెక్కిన దానికి పెద్దగా రాదనీ, రంగు వేస్తే ఉన్న విలువా పోతుందనీ చెప్పారు. సెల్యులాయిడ్ పాడయ్యేకొద్దీ ఆమ్ల వాయువులు వదులుతుందట, పక్కనున్న బొమ్మలనూ తినేస్తుందట. "ప్లాస్టిక్ సంచిలో బిగించొద్దమ్మా, గాలాడనివ్వు. దీపం దగ్గర అసలే పెట్టొద్దు, భగ్గుమంటుంది."

ఏటా కొలువులో దీపం పక్కనే పెట్టేదాన్ని. ఇంట్లో చంటిపిల్ల ఉంది. తలచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

ఈసారి కొలువు మెట్టు మీద బొమ్మ ఫొటో పెట్టాను. బొమ్మ మాత్రం నీడపట్టున, విడి అట్టపెట్టెలో, నూలుగుడ్డ మీద ఉంది. మీకోసం ఆ వీధికి రెండుసార్లు వచ్చాను, కనబడలేదు. నమస్కారమండీ.